షాసే, చేజర్, ఛేజింగ్: తెలుగు నిఘంటు సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు నిఘంటు సంపాదకులకు, పత్రికల భాషా విభాగాల వారికి, విశ్వవిద్యాలయాల్లో పదకోశాల పని చూస్తున్న పెద్దలకు,

నమస్కారం.

నేను విజయవాడలో ఉంటాను. 19 ఏళ్లుగా అనువాదాలు, సబ్‌టైటిళ్లు చేసి బతుకుతున్నాను. మీ నిఘంటువులు పక్కన లేకపోతే నాకు ఒక పూట పని నడవదు. ఆ కృతజ్ఞతతోనే ఇది రాస్తున్నాను. ఒకే ఒక్క మాట గురించి పోయిన ఏడాది ఒక నిఘంటువు వారికి మూడుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి 'అందినది' అని ఒక ముక్క వచ్చింది. మిగతా రెంటికి అదీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

ఆ మాట ఫ్రెంచివాళ్ల 'షాసే'. నాట్యంలో ఒక అడుగు పేరు. దాని తోబుట్టువు 'షాస్'. భోజనం అయ్యాక కాఫీ తాగి, ఆ మీదట పుచ్చుకునే చిన్న గ్లాసు మద్యానికి ఆ పేరు. ఇంగ్లీషు బార్లలో వినిపించే 'చేజర్' కూడా ఈ కుటుంబంలోదే. నా దగ్గరున్న నిఘంటువుల్లో మొదటి రెండూ లేవు. మూడోదానికి 'వెంటాడువాడు, తరుమువాడు' అని అర్థం ఇచ్చి, పక్కన 'ఇం.' (అంటే ఇంగ్లీషు) అని వేశారు. అంతటితో సరి.

ఒక్క మాటకు ఇంత పట్టుదల ఎందుకని అడుగుతారని తెలుసు. రెండు సంగతులు చెబుతాను.

మా మేనల్లుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు. నరసరావుపేట దగ్గర పల్లె నుంచి వచ్చాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వైవాలో, అంటే నోటి పరీక్షలో, వీణ్ణి "చేజర్ అంటే ఏమిటి, ఆ పేరెందుకొచ్చింది?" అని అడిగారట. కాసేపు ఆలోచించి, "ముందు తాగినదాన్ని వెనక నుంచి తరుముతుంది సార్, అందుకని" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. "తరమడానికి అదేమన్నా కుక్కా?" అని ఒకాయన అన్నారట. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకు జవాబులు తెలిసి కూడా వాడికి నోరు పెగల్లేదు. వైవా పోయింది. ఆ రాత్రి ఫోన్ చేసి, "అత్తా, నేను చెప్పింది అంత తప్పా?" అని అడిగాడు. తప్పు కాదు నాన్నా అని చెప్పాను. రేపు తీసుకెళ్లి చూపించు అని చేతిలో పెట్టడానికి మాత్రం ఒక్క తెలుగు పుస్తకం దొరకలేదు.

రెండోది మా ఎదురింటి పాప సంగతి. తొమ్మిదేళ్లది. వెస్టర్న్ డాన్స్ క్లాసుకు వెళ్తుంది. అడుగుల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఒకరోజు చూస్తే పెన్సిల్‌తో, 'కుడికాలు చేసే, ఎడమకాలు చేసే' అని ఉంది. "చేసే అంటే ఏంటమ్మా?" అంటే, "ఏమో ఆంటీ, మా మిస్ అలాగే అంటారు" అంది. వేసి చూపించమన్నాను. సాక్సులతో గచ్చు మీద వేసింది. కుడికాలు పక్కకు జారింది. ఎడమకాలు దాన్ని తరుముకుంటూ వచ్చి ఆ చోట్లో దూరింది. కుడికాలు మళ్లీ తప్పించుకుని ముందుకు పోయింది. అడుగు తప్పులేకుండా వచ్చింది. ఒక కాలు రెండో కాలిని తరమడమే ఆ పేరుకు అర్థమని మాత్రం పాపకు ఎవరూ చెప్పలేదు. చెప్పాక ఇంకో నాలుగుసార్లు వేసింది, ఈసారి నవ్వుతూ.

ఇక మాట చరిత్ర. మీకు తెలియదని కాదు, ఈ లేఖ చదివే మామూలు జనం కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

లాటిన్‌లో 'కపెరె' అంటే పట్టుకోవడం. దాన్నుంచి పుట్టిన 'కప్తారె' అంటే పట్టుకోవాలని చూడటం. జనం నోళ్లలో అది 'కప్తియారె' అయి, పాత ఫ్రెంచిలో వేటాడటం, తరమడం అనే అర్థంతో స్థిరపడింది. అయితే ఫ్రాన్సంతా ఒకేలా పలకలేదు. ఉత్తరాన నార్మండీ వైపు 'క' అలాగే నిలిచింది. పారిస్ వైపు అది 'చ' అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఉత్తరాది మాటా వెళ్లింది, ఆ వెనకే పారిస్ మాటా వెళ్లింది. మొదటిది 'క్యాచ్'. రెండోది 'ఛేజ్'. ఉప్పల్ స్టేడియంలో "ఛేజింగ్‌లో క్యాచ్ వదిలేశాడు" అని మనవాళ్లు మొత్తుకుంటున్నారంటే, ఒకే తల్లి పిల్లలిద్దరు ఒకే వాక్యంలో ఎదురుపడ్డారన్నమాట. 'పర్చేజ్' కూడా ఆ ఇంటిదే. కావలసినదాని వెంటపడి సంపాదించడం అని దాని మొదటి అర్థం.

మరి 'చ', 'ష' తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? పాత ఫ్రెంచిలో 'చ' అనేవాళ్లు. 13వ శతాబ్దంలో అది 'ష' వైపు మారింది. మార్పుకు ముందు ఇంగ్లీషుకు వెళ్లిన మాటలు 'చ'తోనే ఉండిపోయాయి. తర్వాత వెళ్లినవి 'ష'తో వెళ్లాయి. మనం రోజూ అనే 'చీఫ్', 'షెఫ్' నిజానికి ఒకటే మాట, రెండు కాలాల్లో వచ్చింది. సెక్రటేరియట్‌లో చీఫ్, హోటల్ వంటింట్లో షెఫ్. అలాగే 'ఛేజ్' పాత రాక, 'షాసే' కొత్త రాక. ఈ ఒక్క సూత్రం పీఠికలో నాలుగు వాక్యాల్లో చెప్పి ఉంటే, షాంపేన్, మెషీన్, షాండ్లియర్ లాంటి మాటల దగ్గర ఎన్ని వేలమంది పిల్లల తడబాటు తగ్గేదో నాకు ఊహకు అందదు.

నాట్యంలోకి ఎలా వచ్చిందంటే, ఫ్రాన్సు రాజు 14వ లూయీ 1661లో 13 మంది నాట్య గురువులతో పారిస్‌లో ఒక రాజ నాట్య అకాడమీ పెట్టాడు. అడుగులకు, చేతులకు పేర్లు, పద్ధతులు అక్కడివాళ్ల చేతుల్లో కుదురుకున్నాయి. అందుకే బాలే ఏ దేశంలో నేర్పినా అడుగుల పేర్లు నేటికీ ఫ్రెంచిలోనే ఉంటాయి. 1700లో ఫయే అనే నాట్య గురువు అడుగుల్ని కాగితం మీద గీతలుగా రాసే పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. అందులో షాసేలకు ప్రత్యేకంగా పట్టిక ఉంది. అంటే ఎదురింటి పాప గచ్చు మీద వేసిన అడుగుకు 300 ఏళ్లకు పైబడిన అచ్చు ఆధారం ఉంది. ఇప్పుడు అదే అడుగు పేరు బాల్‌రూమ్ డాన్సుల్లో, జిమ్నాస్టిక్స్‌లో, మంచు మీద స్కేటింగ్‌లో కూడా వాడుతున్నారు.

అక్కణ్నుంచి అది అమెరికా పల్లెలకు పోయింది. స్క్వేర్ డాన్స్ అని ఉంటుంది. నాలుగు జంటలు చదరంగా నిలబడితే, ఒకాయన పక్కన నిలబడి ఏ అడుగు వేయాలో కేకేసి చెబుతాడు. ఫ్రెంచి రాని ఆ నోళ్లలో 'షాసే' కాస్తా 'సాషే' అయింది. ష, స చోట్లు మార్చుకున్నాయి. మనకిది కొత్తేం కాదు. తమిళంలో 'ఉరల్' అన్నది మన దగ్గర 'రోలు', వాళ్ల 'అవన్' మనకు 'వాడు'. అక్షరాలు అటూ ఇటూ దూకడం మన భాషకు పాత అలవాటే. తర్వాత్తర్వాత 'సాషే' నాట్యం దాటి, దర్జాగా, వయ్యారంగా నడవడం అనే అర్థం కూడా తెచ్చుకుంది.

ఫ్రాన్సులోనేమో 'షాసే క్రొయిజే' అని ఉంది. జంటలో ఇద్దరూ ఒకరినొకరు దాటుకుంటూ చోట్లు మార్చుకునే అడుగు. ఇవాళ అక్కడ జులై చివర సెలవులు ముగించుకుని వచ్చేవాళ్లు, ఆగస్టు సెలవులకు బయలుదేరేవాళ్లు రోడ్ల మీద ఎదురెదురయ్యే రద్దీకి ఆ పేరే వాడతారు. మన సంక్రాంతి రద్దీ ముందు అటు, తర్వాత ఇటు కాబట్టి దానికి సరిపోదు.

ఇక తాగుడు. కాఫీ తర్వాత పుచ్చుకునే బ్రాందీనో లిక్కర్‌నో ఫ్రెంచివాళ్లు 'షాస్ కఫే' అన్నారు. కాఫీని తరిమేది అని అర్థం. దానికి జోడీగా 'పూస్ కఫే' కూడా ఉంది, కాఫీని నెట్టేది అని. 19వ శతాబ్దానికి ఇంగ్లీషువాళ్లు 'షాస్' అని పొట్టిగా వాడుతున్నారు. ఆ శతాబ్దం చివరికి అమెరికా బార్లలో 'చేజర్' వచ్చింది. ఘాటైన మద్యం ఒక్క గుటకలో దించాక, గొంతు మంట తగ్గడానికి తాగే నీళ్లకో బీరుకో ఆ పేరు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. ఫ్రెంచి పద్ధతిలో వెనకొచ్చేది ఘాటైనది. అమెరికా పద్ధతిలో వెనకొచ్చేది తేలికైనది. గ్లాసుల వరస తలకిందులైంది. వెనక నుంచి వచ్చి ముందుదాన్ని తరమడం అనే ఊహ మాత్రం చెక్కుచెదరలేదు. మా మేనల్లుడు వైవాలో చెప్పింది ఇదే. వాడు తెలుగులో ఆలోచించి సరైన జవాబు చెప్పాడు, దానికే నవ్వులపాలయ్యాడు.

ఇలాంటి మాటలు నిఘంటువుల్లో సరిగా లేకపోవడం వల్ల మా మామూలు జనానికి జరుగుతున్న నష్టాలు ఇవి:

1. కేటరింగ్, హోటల్ కోర్సుల్లో చేరే మన పిల్లల్లో ఎక్కువమంది చిన్న ఊళ్లవాళ్లు. మెనూలో, సర్వీసులో, సాస్‌లలో అడుగడుగునా ఫ్రెంచి మాటలే. ఉచ్చారణ తెలుగు లిపిలో ఎక్కడా ఉండదు. సీనియర్ ఎలా పలికితే అలా నేర్చుకుంటారు, ఇంటర్వ్యూలో తలవంచుకుంటారు. ఆమధ్య నా దగ్గరికి దిద్దడానికి ఒక వంటల అనువాదం వచ్చింది. పుట్టగొడుగులు, వైట్ వైన్ వేసి చేసే 'చికెన్ షాసర్' అనే వంటకాన్ని ఒకచోట 'చికెన్ ఛేజర్' అని, ఇంకోచోట 'వేట కోడి' అని రాశారు. షాసర్ అంటే వేటగాడు, ఆ మాటా ఈ కుటుంబంలోదే. కానీ గోదావరి జిల్లాల్లో వేట మాంసం అంటే మేకదో పొట్టేలుదో. ఆ పేజీ చదివిన ఇల్లాలు ఏం తెచ్చుకుని వండాలి?

2. డాన్స్ నేర్చుకునే పిల్లలు. 'చాసే' అని రాస్తే మనవాళ్లు 'చాప'లో చ పలికినట్టు పలుకుతారు, అది మన భాష నైజం. 'చేసే' అని రాస్తే అర్థమే మారిపోతుంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో మన తెలుగు ఇళ్ల పిల్లలు బాలే నేర్చుకుంటూ వీడియో కాల్‌లో అమ్మమ్మకు అడుగులు చూపిస్తున్నారు. ఆ అమ్మమ్మ అర్థం తెలుసుకుందామంటే చూడటానికి ఏముంది?

3. ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి, అందుకే నొక్కి చెబుతున్నాను. 'చేజర్ మత్తును తరిమేస్తుంది' అని నమ్మేవాళ్లను నేను స్వయంగా చూశాను. మా బంధువుల పెళ్లిలో ఒకాయన మూడు పెగ్గుల మీద నీళ్ల సీసా ఖాళీ చేసి, "చేజర్ కొట్టేశాంగా, ఏం కాదు" అని బైకు తాళం తీశాడు. పిల్లలు తాళం లాక్కున్నారు కాబట్టి సరిపోయింది. చేజర్ తరిమేది నాలుక మీది ఘాటును, గొంతులో మంటను. రక్తంలో చేరిన మద్యం దానివల్ల బయటికి పోదు. ఆ చేజర్ బీరే అయితే లోపలికి పోయే మద్యం ఇంకా పెరుగుతుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. నిఘంటువులో 'తరుమునది' అని వదిలేస్తే, దేన్ని తరుముతుందో జనం తమకు నచ్చినట్టు పూరించుకుంటారు.

4. మాలాంటి అనువాదకులు. ఒక పాత అమెరికన్ సినిమాలో స్క్వేర్ డాన్స్ దృశ్యానికి 'సాషే' అన్న కేకను నేను 'వయ్యారంగా నడవండి' అని రాసి పంపాను. తెర మీద మగవాళ్లు పెద్ద పెద్ద బూట్లతో పక్కకు జారుతున్నారు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. నాకు దొరికిన నిఘంటువు ఇచ్చింది ఆ ఒక్క అర్థమే. మాకు డబ్బులు నిమిషాల లెక్కన ఇస్తారు. ఒక్క మాటకు గంట వెతికితే ఆ రోజు కూలి పోతుంది.

ఫోన్‌లో ఒక సంపాదకులు, "తాగుడు మాటలు, పరాయి డాన్సుల మాటలు తెలుగు నిఘంటువులో ఎందుకమ్మా?" అన్నారు. ఆయన వయసుకు గౌరవం ఇచ్చి అప్పుడు మాట్లాడలేదు. ఇప్పుడు చెబుతాను. బ్రౌన్ దొర 1854లోనే తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు, అంటే పరాయి భాషల మాటలకు, విడిగా ఒక మిశ్ర భాషా నిఘంటువు వేశాడు. కోర్టు కచేరీల్లో జనం ఏ మాటలు వాడుతున్నారో అవి కావాలనుకున్నాడు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. రైతు నోట్లో మాటకు అచ్చులో చోటు దొరికింది. హోటల్లో గ్లాసు అందించే కుర్రాడిదీ వృత్తే, డాన్స్ నేర్పే అమ్మాయిదీ వృత్తే. ఫ్రెంచి మనకు అంత పరాయిదీ కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలోనే ఉంది. మచిలీపట్నంలో ఫ్రెంచిపేట ఉంది. హైదరాబాద్ మూసారాంబాగ్ పేరులో ఉన్నది నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సైన్యాధికారి రేమాండ్. పెళ్లిళ్లలో బఫే, చేతిలో కూపన్, టేబుల్ మీద మెనూ, మూడూ ఫ్రెంచివే. వీటన్నిటికీ 'ఇం.' అని ఒకే ముద్ర వేస్తే అది సగం నిజమే అవుతుంది.

తెలుగు మాట పెట్టేయండి చాలు అనేవాళ్లూ ఉన్నారు. చేజర్‌కు 'నంజుడు' అనొచ్చు కదా అని ఒక మిత్రురాలు అంది. నంజుకోవడం నాకెంతో ఇష్టమైన మాట. కానీ కల్లు దగ్గర నంజుకునేది గుడాలో, బోటీనో, ఉడికించిన గుడ్డో. మధ్యమధ్యలో తింటాం. చేజర్ తాగేది, అదీ తర్వాత. రెండింటినీ కలిపేస్తే మన మాటకూ అన్యాయమే. దీటైన తెలుగు మాట దొరికితే సంతోషంగా ఇవ్వండి, దొరకనిచోట ఉన్న మాటకు సరైన వివరణ ఇవ్వండి.

మేము కోరేది ఇది. అన్యదేశ్యాల పక్కన 'ఇం.' అని ఆపేయకుండా, ఏ భాషలో పుట్టి ఏ దారిన వచ్చిందో ఒక్క పంక్తిలో రాయండి. ఉచ్చారణ తెలుగు లిపిలో ఇవ్వండి, దంత్య చకారానికి ('చాప'లో చ లాంటిదానికి) తావు ఉన్నచోట ప్రత్యేకంగా సూచించండి. ఒకే మూలం నుంచి వచ్చిన మాటలకు పరస్పరం 'చూ.' (చూడండి) అని దారి చూపండి, 'క్యాచ్' దగ్గర నుంచి 'ఛేజ్'కు, అక్కణ్నుంచి 'షాసే'కు పిల్లవాడు వెళ్లగలగాలి. నాట్యం, వంట, హోటల్ సర్వీసు వృత్తులకు చిన్న పదకోశాలు తయారుచేసేటప్పుడు ఆ పని చేసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పాఠకులు రాసిన ఉత్తరానికి ఇన్ని రోజుల్లో జవాబిస్తామని ఒక గడువు ప్రకటించండి. కాదంటే కాదని చెప్పండి, అదీ జవాబే. పత్రికల వారికి నా మనవి వేరు. మీ శైలి పుస్తకాల్లో 'షాసే', 'షాస్', 'సాషే', 'చేజర్' నాలుగింటికీ ఒక వర్ణక్రమం ఖాయం చేసి, ఆ జాబితా అందరికీ కనిపించేలా పెట్టండి.

పనిభారం నాకు తెలుసు. అందుకే రెండు ఆరోపాలు, అంటే నిఘంటువులో మాట పక్కన ఉండే వివరణలు, నేనే రాసి పంపాను, ఇక్కడ మళ్లీ ఇస్తున్నాను ('నా.' అంటే నామవాచకం):

షాసే: నా. (ఫ్రెంచి, 'తరమబడినది' అని మూలార్థం.) పాశ్చాత్య నాట్యంలో ఒక పాదం జారగా రెండో పాదం దాన్ని తరుముతూ వచ్చి ఆ చోటును ఆక్రమించే అడుగు. అమెరికా వాడుకలో వర్ణవ్యత్యయంతో 'సాషే'. చూ. షాస్, చేజర్, ఛేజ్, క్యాచ్.

చేజర్: నా. (ఇంగ్లీషు, పాత ఫ్రెంచి మూలం.) ఘాటైన మద్యం తాగిన వెంటనే, ఆ ఘాటు పోవడానికి తాగే నీళ్లు, బీరు మొదలైనవి. మత్తును తగ్గించదు.

తప్పులుంటే దిద్దండి, మాటలు ఎక్కువైతే కోయండి, నా పేరు వేయనక్కర్లేదు. మా మేనల్లుడికి నవంబర్‌లో మళ్లీ వైవా ఉంది. ఆలోపు మీ ఆన్‌లైన్ ప్రతిలోనైనా ఇవి కనిపిస్తే వాడు ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకెళ్తాడు.

భవదీయురాలు,
ఒక అనువాదకురాలు,
విజయవాడ